మొఘల్‌పురా గోడలో నేను గీసిన తలుపు

మొఘల్‌పురాలో ఒక సందు చివర రెండిళ్ల మధ్య గోడకి చిన్న తలుపుంది. అవతల ఒక ముస్లిం కుటుంబం, ఇవతల పాలమ్ముకుని బతికే ఒక హిందూ కుటుంబం. ఆడవాళ్లు వీధి మొహం చూడకుండా ఒకరింటికొకరు వెళ్లి రావడానికి వందల ఏళ్ల కిందట పెట్టిన తలుపు అది అని అందరూ చెబుతారు. పాతబస్తీ మీద వచ్చే ప్రతి రెండో వ్యాసంలో ఆ తలుపు కనబడుతుంది, ఫోటో కింద ఒక నిట్టూర్పుతో సహా. ఆ మాట నమ్మకండి. ఇలా చెప్పే హక్కు నాకుంది. ఆ మాట మొదట రాసింది నేనే.

అలాగని అది అబద్ధం అనేసుకోకండి కూడా. నాలుగు రోజులు అక్కడ తిరిగి, దాని గురించి వెళ్లేముందు తెలిసినంత కూడా ఇప్పుడు తెలియని మనిషినై తిరిగొచ్చాను.

నేను కాకినాడలో ఒక కాలేజీలో పిల్లలకి ఆర్కిటెక్చర్ చరిత్ర చెబుతాను. ఇరవై ఆరేళ్ల కిందట, చదువుకునే రోజుల్లో, మొఘల్‌పురా ఇళ్లు కొలిచి ఒక వ్యాసం రాశాను. ఉద్యోగం దాని పుణ్యమే. ఇన్నేళ్లలో ఊళ్ల గురించి ఎంత చెప్పినా నన్ను నలుగురూ గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్క తలుపుతోనే. ఇప్పుడు నా పుస్తకం అచ్చుకి వెళ్తోంది. మూడో అధ్యాయం మొత్తం ఆ తలుపే. ప్రచురణకర్త మంచి ఫోటో ఒకటి కావాలన్నాడు. అందుకే బయల్దేరాను. ఫోటో కోసం. నవ్వకండి.

చార్మినార్, ఆదివారం

పాతబస్తీలో ఈమధ్య ఆదివారం పొద్దున్నే గుంపులుగా నడిపించి చరిత్ర చెప్పేవాళ్లున్నారు. ఏం చెబుతున్నారో విందామని మనిషికి మూడొందలిచ్చి నేనూ ఒక గుంపులో కలిశాను. ఇరవైమందిమి. నడిపించే అబ్బాయికి ముప్ఫై దాటి ఉంటాయి, మెడలో చిన్న మైకు, ఉత్సాహం నిండుగా. దారిలో రెండుసార్లు వాదించాను. మొదటిసారి ఓపిగ్గా విన్నాడు, రెండోసారి నీళ్లు తాగాడు.

మొఘల్‌పురా సందు మొదట్లో ఆగి, లోపలికి అందరం వెళ్లకూడదని చెప్పి, తలుపు కథ మొదలుపెట్టాడు. వందల ఏళ్లు, ఆడవాళ్ల రహస్య దారి, రెండు మతాల స్నేహం. నా వాక్యాలే, కాకపోతే తాళింపు ఎక్కువైంది. వందల ఏళ్లని ఎవరు చెప్పారని అడిగాను. రిసెర్చ్ ఉందన్నాడు. ఎవరి రిసెర్చ్ అన్నాను.

"మేడమ్, మీరు ఈ పేపర్ చదవాలి. చదివితే మీకే అర్థమవుతుంది" అని ఫోన్ నా చేతికిచ్చాడు.

తెరమీద నేను గీసిన ప్లాన్. కింద పెళ్లికి ముందు నా ఇంటిపేరు. ఫోన్ తిరిగిచ్చేసి, చదువుతానన్నాను. ఆ నడకలో నేను ఓడిపోయిన ఒకే ఒక్క వాదన అది.

నడక అయ్యాక ఒక హోటల్లో ఖిచ్డీ, ఖట్టా తిన్నాను. ప్లేటు డెబ్బై రూపాయలు. పసుపు రంగు పెసరపప్పు ఖిచ్డీ మీద నువ్వులూ చింతపండూ కలిపిన పుల్లటి నీళ్లు పోసుకుంటారు. ఇది మా పచ్చిపులుసుకి అక్కచెల్లెలేనని వడ్డించే పెద్దాయనతో అన్నాను. కాదన్నాడు. నువ్వులు తీసేస్తే ఏమవుతుందని అడిగాను. "ముందుగాల తినుండ్రి అమ్మా, లొల్లి తర్వాత పెట్టుకుందురు" అన్నాడు. తిన్నాక లొల్లి పెట్టుకోవాలనిపించలేదు, అంత బాగుంది.

గాజుల బజారులో ఇంకో అవమానం. కొట్టాయన నా చేతిని దూరం నుంచే చూసి రెండూ ఆరు సైజు అన్నాడు. కొలతలు కొలిచి బతికేదాన్ని, నా చేతి కొలత నాకు తెలియదా, రెండూ నాలుగు ఇమ్మన్నాను. మాట్లాడకుండా ఇచ్చాడు. బొటనవేలి కణుపు దగ్గర రెండు గాజులు పగిలాయి. అవి నా లెక్కలోనే వేసి, రెండూ ఆరు తీసి ముందు పెట్టాడు. మా ఊళ్లో అయితే కొట్టువాడు 'నేను చెప్పలేదామ్మా' అని కనీసం నాలుగుసార్లు అనేవాడు. ఇతను ఒక్కసారి కూడా అనలేదు. దానికే ఎక్కువ కోపమొచ్చింది.

మొఘల్‌పురా, సోమవారం

మా కాకినాడలో ఇల్లు వీధిలోకి వచ్చి కూర్చుంటుంది. అరుగు, వరండా, కుర్చీలో పేపరు చదివే తాతగారు, ఎవరింట్లో ఏ కూరో దారినపోయేవాడికి తెలుస్తుంది. ఇక్కడి పాత ఇళ్లు వీధికి వీపు పెడతాయి. బయటికి గోడ, ఒక గుమ్మం, దానికో పరదా. బతుకంతా లోపల మండువా చుట్టూ. పిల్లలకి ఇది ప్రతి ఏడూ బోర్డు మీద గీసి చెబుతాను. గీతలో సందు ఖాళీగా ఉంటుంది. నిజం సందులో రెండు బైకులు, గొలుసేసిన గ్యాస్ సిలిండరు, నీళ్ల మోటారు, దాన్ని దాటడానికి ఎవరో వేసిన బండరాయి ఉన్నాయి.

పాలవాళ్ల ఇల్లు గుర్తుపట్టడానికి ముక్కు చాలు. వెనక రెండు బర్రెలింకా ఉన్నాయి. గుమ్మంలో క్యాన్లు తోముతున్న ఆవిడ నర్సమ్మ, డెబ్బై ఏళ్లుంటాయి, మోకాళ్లకి గుడ్డలు చుట్టుకుని ఉంది. నర్సమ్మగారూ అని పిలిస్తే వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినైనా పిలిచానేమోనని.

"గారు ఏంది బిడ్డా, పరేషాన్ చేస్తున్నవ్. ఏ ఊరు మీది?"

చెప్పాను. తలుపు చూడాలన్నాను. చూడమని చేత్తోనే దారి చూపించింది. రోజుకొకరు వస్తున్నట్టుంది.

తలుపు ఐదడుగులు లేదు. ఆకుపచ్చ రంగు. ఫోటో తీసి, అలవాటు కొద్దీ టేపు తీసి కొలవడం మొదలుపెట్టాను. పై భాగం కొలుస్తుంటే టేపు చేతిలోంచి జారి సర్రున చుట్టుకుని, కుడితి తొట్టిలో పడింది. తలెత్తి చూసినప్పుడు కదా కనబడింది. తలుపు మీద గోడ బరువు మోస్తున్నది రాయీ కాదు, చెక్క దూలమూ కాదు. ఇనప యాంగిల్. వెల్డింగు మచ్చలు కూడా కనబడుతున్నాయి.

వందల ఏళ్ల తలుపుకి ఇదేమిటని అడిగాను. నర్సమ్మ క్యాను బోర్లించి దానిమీద కూర్చుంది.

పదిహేనేళ్ల కిందట కాలేజీ పిల్లలు కొందరు చేతిలో జిరాక్స్ కాగితంతో వచ్చారట. ఈ గోడకి తలుపుండాలే, ఏదీ అని అడిగారట. అప్పుడిక్కడ ఉన్నది సున్నం కొట్టిన గోడ మాత్రమే. లేదని చెబితే పిల్లల మొఖాలు చిన్నబోయాయట. ఆ కాగితం నర్సమ్మ భర్త చేతికిచ్చి వెళ్లిపోయారు. ఆయన దాన్ని పట్టుకుని పక్కింటికి వెళ్లాడు. పక్కింటాయనా ఈయనా కలిసి గోడ ముందు నిలబడి చాలాసేపు చూశారు.

"కాగితంల ఉన్నదంటే ఉండాలె గద అన్నడు మా ఆయన. గప్పుడే నా మోకాలు ఇరిగింది. సందు సుట్టూ తిరిగి ఆ ఇంటికి పాలు ఎట్ల పోయాలె? మా తమ్ముడు మల్లేశ్ మేస్త్రీ. ఆనితోని కొట్టిచ్చిన్రు" అంది.

అంటే ఆ తలుపు చూసి నేను గీయలేదు. నేను గీశాను కాబట్టి తలుపు వచ్చింది. నా కాళ్ల కింద నేల కదిలినట్టు అనిపించిందని రాస్తే బాగుంటుంది గాని, నిజానికి నాకు వచ్చింది దగ్గు. గోడ పట్టుకుని దగ్గాను.

ఆ దగ్గుకి తలుపు తెరుచుకుని అవతల నుంచి ఇంకో ఆవిడ తొంగి చూసింది. ఖుర్షీద్ బేగం. ఈవిడకీ డెబ్బై దగ్గరే. నీళ్లు తెచ్చి ఇచ్చి, తలుపు గడప మీదే కూలబడింది. ఇద్దరూ రోజూ ఇలా ఆ గడపకి అటూ ఇటూ కూర్చుంటారట. నేనే ఆ కాగితం గీసినదాన్నని అప్పుడు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. దగ్గులో వచ్చేసింది.

నర్సమ్మ లేచి లోపలికి వెళ్లి నా వ్యాసంలోని ఆ పేజీని తెచ్చింది. లామినేషన్ చేయించి రేషన్ కార్డుతో పాటు దాచారు.

విషయం అప్పుడు బయటపడింది. ఖుర్షీద్ భర్త చనిపోయాడు. ఆయన తమ్ముడు ఇంట్లో తన వాటాగా మండువా వైపు భాగం అడుగుతున్నాడు, సామాన్ల గోదాముకి అద్దెకిస్తాడట. ఈ తలుపు ఆ వైపే. మూసేస్తానంటున్నాడు. బస్తీ పెద్దలు కూర్చుని ఒక మాట అన్నారు: మల్లేశ్ కొట్టకముందు, పాతకాలంలోనే అక్కడ తలుపు ఉండి ఉంటే ఎవరూ ముట్టుకోకూడదు, లేకపోతే గోడ కట్టుకోవచ్చు. బుధవారం మళ్లీ కూర్చుంటారు. పాతదని చూపించడానికి వీళ్ల దగ్గరున్నది ఆ లామినేషన్ కాగితం ఒక్కటే.

"మీరు అల్లా పంపినట్టు వచ్చిన్రు" అంది ఖుర్షీద్. "మేమిద్దరం ముసలోళ్లం. సుట్టూ తిరిగి రావాలంటే ఆటో కావాలె. ఆటో ఈ సందుల రాదు. తలుపు పోతే అంతే, దీన్ని నేను సూడ, నన్ను ఇది సూడదు."

"సూడకపోతే నాకే మంచిది. పంచాయితీలు తక్కువైతయ్" అంది నర్సమ్మ, ఆవిడ చేతిలోంచి నీళ్ల గ్లాసు లాక్కుంటూ.

ఆ సాయంత్రం గదిలో కూర్చుని నా పాత కొలతల పుస్తకం తెరిచాను. దాని పేజీలన్నీ స్కాన్ చేసి లాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. ఆ గోడ ఉన్న పేజీ చూసుకున్నాను. తలుపు ఉంది. కాని చుక్కల గీతలో ఉంది. మా పనిలో కంటితో చూసి కొలిచినది నిండు గీత, చూడనిది, విన్నది, ఊహించినది చుక్కల గీత. చుక్కల పక్కన నా చేతిరాతలో చిన్నగా: 'ఇక్కడ తలుపుండేదట.'

ఆ చుక్కలు నిండు గీత ఎలా అయ్యాయో కూడా గుర్తుకొచ్చింది. ట్రేసింగ్ కాగితం మీద ఇంకు పెన్నుతో గీస్తున్నప్పుడు మా సారు భుజం మీంచి చూసి, ఉందో లేదో తేల్చుకుని గీయమ్మా అన్నారు. మర్నాడు అప్పగించాలి. మొఘల్‌పురా మళ్లీ వెళ్లే తీరిక లేదు. తేల్చుకున్నాను. చుక్కలు కలిపేశాను. ఆ తర్వాత వ్యాసం రాసేటప్పుడు నా గీతను చూసే రాశాను.

కంచన్‌బాగ్, మంగళవారం

మల్లేశ్ మేస్త్రీ కంచన్‌బాగ్ వైపు రక్షణ శాఖ ఉద్యోగుల క్వార్టర్లలో ప్రహరీ మరమ్మతు పని మీద ఉన్నాడని తెలిసి అక్కడికి వెళ్లాను. మొఘల్‌పురా నుంచి వెళ్లినవాళ్లకి అది ఇంకో దేశం. తిన్నటి రోడ్లు, ఒకే ఎత్తు గోడలు, ప్రతి గేటుకీ కాపలా. అలవాటుగా ఒక గోడకి ఫోన్ ఎత్తాను. కాపలాదారు పరుగున వచ్చి, ఇక్కడ ఫోటోలు తీయకూడదని చెప్పి, తను చూస్తుండగా ఫోటో తీసేయించాడు. వేపచెట్టు ఫోటో అది. వేపచెట్టు ఏ దేశానికి రహస్యమని అడగబోయి, మల్లేశ్ దొరకడేమోనని నోరు మూసుకున్నాను. నా జీవితంలో అరుదైన సంఘటన.

మల్లేశ్ టీ తాగుతూ మాట్లాడాడు. అరవై దాటినవాడు, చేతులు సిమెంటు రంగు. ఆ రోజు కొట్టినప్పుడు గోడ లోపల ఏం కనబడిందో చెప్పమన్నాను.

"గోడంత రాయి, డంగు సున్నం. గడ్డపార తగిలితే నిప్పులే. కానీ ఆ కాడ మాత్రం మెత్తగ వచ్చింది మేడమ్. మట్టి, ఇటుక ముక్కలు. పొద్దుగూకే వరకు పడుతదనుకున్న పని పగటన్నం యాళ్లకే అయింది."

మెత్తగా రావడమంటే అక్కడ ఎప్పుడో ఖాళీ ఉండి, తర్వాత ఎవరో పూడ్చారన్నమాట. అంటే పాత తలుపే కదా అన్నాను. అతను తొందరపడలేదు.

తలుపైనా కావచ్చు, దీపాలు పెట్టుకునే పెద్ద గూడైనా కావచ్చు, వానకి కూలితే ఎవరో పూడ్చిందైనా కావచ్చు అన్నాడు. గడప రాయి ఉందా అంటే చూడలేదన్నాడు. పై దూలం గుర్తులు? చూడలేదు. పక్క అంచులు తిన్నగా ఉన్నాయా? పదిహేనేళ్లయింది, ఎవరు చూశారన్నాడు. నేను అడిగిన ప్రశ్నలు నా విద్యార్థులైతే రాసుకునేవాళ్లు. ఇతనికి అవి నస.

"పెద్దల ముందు తలుపే అని చెబుతావా?" అని అడిగాను, చివరికి.

"మెత్తగ ఉండె అని చెప్త. తలుపు అని మీరు చెప్పుండ్రి. గీసినోళ్లు మీరు, పలగ్గొట్టినోణ్ని నేను. నాకు నా పని వరకే ఎరుక."

నేనతన్ని తక్కువగా చూసి వెళ్లాను. తిరిగి వస్తున్నప్పుడు మాత్రం, ఈ మాట ఇరవై ఆరేళ్ల కిందట నేను నేర్చుకుని ఉంటే ఎంత బాగుండేదా అనుకున్నాను. చూసినది చూసినట్టు, అంతవరకే.

మళ్లీ మొఘల్‌పురా, బుధవారం

పెద్దలు మధ్యాహ్నం నమాజు తర్వాత కూర్చుంటారు. నేను ముందే నర్సమ్మ ఇంటికి వెళ్లి, చుక్కల గీత సంగతి ఉన్నదున్నట్టు ఇద్దరికీ చెప్పాను. తలుపు నేను చూడలేదని, ఎవరో చెబితే గుర్తు పెట్టుకున్నానని, ఆ చెప్పినవాళ్ల పేరు రాసుకోలేదని.

నర్సమ్మ తోముతున్న క్యాను పక్కన పెట్టింది.

"పేరు రాసుకోలేదా? మా ఆయన పాల చీటీ మీద కూడా పేరు రాస్తుండె. గింత చదువు ఏం చదివినవ్ బిడ్డా?"

నాతో ఇలా మాట్లాడినవాళ్లతో నేను సాధారణంగా రెండు గంటలు పోట్లాడతాను. ఆ రోజు తల దించుకున్నాను. మా తరగతిలో మొదటి రోజు మొదటి పాఠం: చెప్పినవారి పేరు, ఊరు, తేదీ రాయకుండా ఏదీ రాయకండి. ఇరవై నాలుగేళ్లుగా అదే పాఠం చెబుతున్నాను.

మీ ఇద్దరిలో ఎవరైనా అప్పుడు నాతో మాట్లాడారా అని అడిగాను. కొలతల టేపు పట్టుకుని నలుగురు పిల్లలు వచ్చారని నర్సమ్మకి లీలగా గుర్తుంది. తను ఏమీ చెప్పలేదంది. ఖుర్షీద్ ఆ రోజుల్లో చెల్లెలి పురిటికని పుట్టింటికి వెళ్లి ఉంది. నాకు మాత్రం చల్లటి మజ్జిగ గ్లాసు ఒకటి, గోడవైపు చూపిన ఒక చేయి గుర్తున్నాయి. ఆ చేయి ఆడదో మగదో కూడా చెప్పలేను.

నర్సమ్మ గొంతు తగ్గించింది. "మా అత్త చెప్పిందని చెప్పు. గప్పుడు ఉండె ఆమె. ఇప్పుడు లేదు. వచ్చి కాదంటదా?"

అబద్ధం చెప్పమంటున్నారా అనబోయాను. అప్పుడే తట్టింది, అది అబద్ధం కాకపోవచ్చు కూడా. మజ్జిగ ఇచ్చింది ఆ అత్తే అయ్యుండొచ్చు. పాలవాళ్లింట్లో మజ్జిగ ఇంకెవరిస్తారు? పక్కింట్లోనూ ఇస్తారు, వీళ్ల దగ్గర కొన్నదే. అడగని ప్రశ్నకి నా తలలోనే రెండు జవాబులు వాదించుకుంటున్నాయి. నేను ఏ పక్షమో నాకే తెలియలేదు.

పెద్దలు ముగ్గురు. మాట్లాడినాయన ఉర్దూ బడిలో చెప్పి రిటైరైన మాస్టారు, తెలుగు చక్కగా వచ్చు. ఖుర్షీద్ మరిది కూడా అక్కడే ఉన్నాడు. చెడ్డవాడిలా కనబడితే నాకు సులువయ్యేది. తల నెరిసిన మనిషి, ఒకే గదిలో ఇద్దరు కొడుకులతో ఉంటున్నాడు.

మాస్టారు లామినేషన్ కాగితాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. ఇది మీరు గీసినదేనా అన్నారు. అవునన్నాను. తలుపు మీరు చూశారా? గుమ్మంలోంచి నర్సమ్మ చూస్తోంది. చూడలేదన్నాను. ఎవరో చెప్పారన్నాను. ఎవరని అడిగారు.

అత్త పేరు నాలుక చివర ఉంది. పొద్దున్నే నర్సమ్మ చెప్పింది. నిజమే అయ్యుండొచ్చు కదా.

"గుర్తు లేదండి" అన్నాను.

ఖుర్షీద్ మరిది ఊపిరి వదిలాడు. మాస్టారు కాగితం నాకు తిరిగిచ్చేశారు.

"కాగితం మాకెందుకమ్మా. మా దగ్గర గవాహీ అంటే, సాక్ష్యం అంటే మనిషి. ఫలానా మనిషి ఫలానా మాట అన్నదని మీరు ఖసం తిని, ఒట్టేసి చెప్తే, ఆ మనిషి పోయినా మాట ఉంటది. పేరు లేని మాటను నేనేం చేసుకోవాలె?"

మల్లేశ్ చెప్పిన మెత్తటి మట్టి సంగతి చెప్పాను. వాళ్లు ముగ్గురూ ఉర్దూలో కాసేపు మాట్లాడుకున్నారు. చివరికి తేల్చింది ఇది: రంజాన్ పండుగ వరకు తలుపుని ఎవరూ ముట్టుకోరు. ఈలోగా ఆ చెప్పిన మనిషెవరో నాకు గుర్తొస్తే వచ్చి చెప్పాలి. రాకపోతే గోడ లేస్తుంది.

వెళ్లొస్తానని చెప్పడానికి లోపలికి వెళితే నర్సమ్మ నాతో మాట్లాడలేదు. ఖుర్షీద్ మాత్రం గడప మీంచి చెయ్యి పట్టుకుని, ఖుదా పెద్దవాడు, యాద్ వస్తది అంది. తిట్టి ఉంటేనే నాకు బాగుండేది.

కాకినాడ

వచ్చిన రోజే మూడో అధ్యాయం ఆపమని ప్రచురణకర్తకి చెప్పాను. ఫోటో బాగా రాలేదా అని అడిగాడు. చాలా బాగా వచ్చిందన్నాను.

అప్పట్లో నాతో కొలతలకి వచ్చిన ముగ్గురికీ ఫోన్ చేశాను. ఒకతను ఆ చెప్పింది ఒక ముసలావిడ అన్నాడు, ఏ ఇంటావిడో తెలియదు. ఇంకొకామె మనకి మజ్జిగ ఎవరూ ఇవ్వలేదు, అది వేరే సందు అని కొట్టిపారేసింది. మూడో అతను నవ్వి, తలుపు సంగతి మాకు చెప్పింది నువ్వే కదా అన్నాడు. అతనితో అరగంట వాదించి పెట్టేశాను. పెట్టేశాక గుర్తొచ్చింది, అతను అబద్ధమాడే మనిషి కాదు.

నర్సమ్మ అత్త పేరు ఒక కాగితం మీద రాసి బల్ల మీద పెట్టుకున్నాను. రోజూ చూస్తాను. ఆ పేరు పక్కన ఒక మొహం వస్తుందేమోనని కళ్లు మూసుకుంటాను. ఈమధ్య నిజంగానే ఒక మొహం వస్తోంది. అది గుర్తుకొస్తున్నదో, చుక్కలు కలిపినట్టు నేనే కలుపుకుంటున్నదో తేల్చి చెప్పే మనిషి ఎవరూ నాకు కనబడటం లేదు. పండుగ ఇంకా నెల ఉంది.

ఆ మధ్యాహ్నం చేయి చాపి, 'ఇక్కడ తలుపుండేది' అని నాతో అన్నది ఎవరు?